ఆ బఫర్ సీసాని కూడా పరీక్షించండి: క్వాలిటీ విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్ విభాగాలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

నేను మైక్రోబయాలజిస్టుని. మందుల శాంపిళ్లలో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే చాలా ఏళ్లుగా నా పని. మీరు సంతకం పెట్టే రిపోర్టులో ‘టోటల్ ఏరోబిక్ మైక్రోబియల్ కౌంట్ గ్రాముకి 10 లోపు’ అని ఒక లైను ఉంటుంది, అంటే గాలి ఉన్నచోట పెరిగే సూక్ష్మజీవుల మొత్తం లెక్క. ఆ అంకె వేసేది మా బల్ల దగ్గరే. అది నిజమో కాదో ముందుగా తేల్చేది సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ ప్లేటు కాదు, ఇంక్యుబేటరూ కాదు. శాంపిల్‌ని మొట్టమొదట కలిపే బఫర్ (పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, మారకుండా ఉంచే ద్రవం) సీసా. ఈ ఉత్తరం దాని గురించే.

ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల పుస్తకంలో, దాని పేరు బఫర్డ్ సోడియం క్లోరైడ్-పెప్టోన్ సొల్యూషన్, పీహెచ్ 7.0. ల్యాబులో డైల్యూయెంట్ (పలచన చేసే ద్రవం) అంటాం. తొందరలో ఉంటే ‘ఆ సెలైన్ సీసా ఇటివ్వు’ అంటాం. దాన్ని ఉప్పునీళ్ల కింద జమకట్టడం అక్కడే మొదలవుతుంది. అగార్‌కైనా బ్రాత్‌కైనా ప్రతి బ్యాచ్‌కీ గ్రోత్ ప్రమోషన్ చేస్తాం. వందకి మించకుండా కణాలు వేసి, అవి పెరిగాయని చూశాకే వాడతాం. బఫర్ దగ్గరికి వచ్చేసరికి పీహెచ్ చూస్తాం, కొన్నాళ్లు ఇంక్యుబేటర్లో పెట్టి ఏమీ పెరగలేదని రాసుకుంటాం, అల్మరాలో సర్దేస్తాం. ఏమీ పెరగలేదంటే అది స్టెరైల్‌గా ఉందని మాత్రమే అర్థం. అందులో పడ్డ సూక్ష్మజీవి బతికి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. నేను చూసిన చాలా ల్యాబుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ల్యాబులో తయారయ్యే ప్రతి బఫర్ బ్యాచ్‌లోనూ సూక్ష్మజీవులు బతుకుతున్నాయని చూశాకే దాన్ని వాడనివ్వండి.

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. గతంలో నేను పనిచేసిన ఒక ల్యాబులో ఒక సిరప్‌కి మెథడ్ సూటబిలిటీ (మందు కలిసినా సూక్ష్మజీవులు లెక్కకి దొరుకుతాయా అని చూసే పరీక్ష) చేస్తున్నాం. స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా సస్పెన్షన్ (కణాలు కలిపిన ద్రవం) వేస్తే, సిరప్ లేని కంట్రోల్ ప్లేటులో 68 కాలనీలు, సిరప్ ఉన్న ప్లేటులో 19. రెంటికీ తేడా రెండు రెట్లకి మించకూడదు కాబట్టి ఫెయిల్. సిరప్‌లో ఉన్న ప్రిజర్వేటివ్ వల్లే అనుకున్నాం. దాని ప్రభావం తీసేయడానికి పాలీసార్బేట్ 80 పెంచాం, లెసిథిన్ కలిపాం, డైల్యూషన్ పెంచాం. ఒక రోజు పాస్, మర్నాడు ఫెయిల్. మూడో వారానికి పైనుంచి ఒత్తిడి మొదలైంది. పైపెట్ పట్టిన అమ్మాయి పనితనం మీద అనుమానం వచ్చి, ఆమెని మళ్లీ ట్రైనింగ్‌కి పంపారు. పాపం, ఆ అమ్మాయి అన్నం కూడా సరిగ్గా తినకుండా నోట్‌బుక్ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూ కూర్చునేది.

ఆ తర్వాత ఒక రోజు కంట్రోల్ 21, సిరప్ 19 వచ్చాయి. లెక్క ప్రకారం బ్రహ్మాండమైన పాస్. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ అమ్మాయే వచ్చి అడిగింది: “సార్, సస్పెన్షన్‌ని నేరుగా ప్లేటు మీద వేస్తే 70 వచ్చాయి కదా, కంట్రోల్లో 21 ఎందుకొచ్చాయి?” నా దగ్గర జవాబు లేదు. కంట్రోల్లో సిరప్ ఉండదు. ఉన్నది బఫర్ ఒక్కటే.

అప్పుడు సీసాలు తీసి చూశాం. ఒక సీసాని గట్టిగా ఊపితే మెడ చుట్టూ సన్నటి నురుగు కట్టి అలాగే నిలబడింది. పెప్టోన్ ఉన్న బఫర్ ఊపితే కాస్త నురుగు ఎలాగూ వస్తుంది కాబట్టి అన్నాళ్లూ ఎవరి కంటికీ అది తేడాగా కనిపించలేదు. సీసాలు కడిగేచోట కొత్త క్లీనింగ్ ద్రవం వాడటం మొదలుపెట్టారు. అందులో సూక్ష్మజీవుల్ని చంపే క్వాటర్నరీ అమ్మోనియం ఉంది. కొన్ని సీసాల్ని నీళ్లతో బాగా జాడిస్తున్నారు, కొన్నింటిని లేదు. అందుకే ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్. పీహెచ్ 7.0 దగ్గర కదలకుండా ఉంది. స్టెరిలిటీ బాగుంది. రికార్డులో ప్రతి గడీ సరిగ్గా నిండి ఉంది. కాపాడాల్సిన బఫరే లోపల కణాల్ని చంపుతోంది. కంచే చేను మేయడమంటే ఇదే.

సిరప్ సంగతి తేలింది, ఆ అమ్మాయి మీద పడ్డ మాట కూడా పోయింది. నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ఆ నెల రోజుల్లో అవే సీసాలతో మామూలు రిలీజ్ టెస్టులు కూడా జరిగాయి. వాటిలో కొన్ని ప్లేట్లు ఖాళీగా వచ్చాయి. ఖాళీ ప్లేటు వస్తే అందరికీ సంతోషమే. దాని మీద ఎవరూ ఇన్వెస్టిగేషన్ వేయరు, ఓఓఎస్ (పరిమితి దాటిన ఫలితం) నంబరు తీయరు. మేము మళ్లీ తీసి చేసిన శాంపిళ్లన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి. అలా ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మీరు అన్నిటికంటే గమనించాల్సింది ఇదే. అగార్ చెడితే గ్రోత్ ప్రమోషన్‌లో బయటపడుతుంది. బఫర్‌లోకి సూక్ష్మజీవులు చేరితే శాంపిల్ వేయకుండా బఫర్ ఒక్కదానితో చేసే నెగటివ్ కంట్రోల్లో బయటపడుతుంది. బఫర్ విషమైతే ఎక్కడా బయటపడదు. ఎందుకంటే పోల్చి చూసే కంట్రోల్‌ని కూడా అదే బఫర్‌తో చేస్తున్నాం. రెండూ కలిసే తగ్గుతాయి, వాటి నిష్పత్తి మాత్రం చక్కగా కుదురుతుంది.

ఆ సీసాలో ఏముందో ఒకసారి చూద్దాం. లీటరుకి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 3.6 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ డైహైడ్రేట్ 7.2 గ్రాములు, సోడియం క్లోరైడ్ 4.3 గ్రాములు, పెప్టోన్ 1 గ్రాము. అమెరికా, యూరప్, జపాన్ ఫార్మకోపియాలు ఒప్పుకున్న ఉమ్మడి పద్ధతిలో ఉన్న ఫార్ములా ఇదే. కొత్తగా చేరిన ప్రతి అనలిస్టూ ఒక ప్రశ్న అడుగుతారు: మామూలు సెలైన్‌లో ఉప్పు 9 గ్రాములు కదా, ఇందులో సగం కూడా లేదేం? చాలా మంచి ప్రశ్న. మిగతా సగం పని ఫాస్ఫేట్లు చేస్తాయి. అన్ని అయాన్లూ కలిపి లెక్కవేస్తే లీటరుకి దాదాపు 320 మిల్లీఆస్మోల్స్ (నీళ్లలో కరిగి ఉన్నవాటి మొత్తం లెక్క) వస్తాయి, 0.9 శాతం సెలైన్‌కి 308. అంటే కణం లోపలికి నీళ్లు తోసుకురాకుండా, లోపలి నీళ్లు బయటికి పోకుండా ఉప్పూ ఫాస్ఫేటూ కలిసి కాపు కాస్తున్నాయన్నమాట. పెప్టోన్ చేసేది ఇంకో రకం సాయం. అప్పటికే నీరసపడ్డ కణానికి కాస్త ఆసరా ఇస్తుంది, నీళ్లలో ఉండే లోహాల జాడల్ని కొంతవరకు పట్టేస్తుంది. ఎవరో ఆలోచించి కట్టిన ఫార్ములా ఇది. ఇందులో ఒక్కటి మార్చినా మిగతావాటి లెక్క మారుతుంది.

అందుకే స్టోర్స్ వైపు కూడా కాస్త చూడమంటున్నాను. డైసోడియం ఫాస్ఫేట్ డబ్బాలు ఒకే రకంగా రావు. నీళ్ల అణువులు లేనిది ఉంటుంది, రెండున్నది, ఏడున్నది, పన్నెండున్నది కూడా ఉంటుంది. ఫార్ములా చెప్పేది రెండున్నదాని గురించి. పన్నెండున్నది తెచ్చి అదే 7.2 గ్రాములు తూచితే అసలు ఫాస్ఫేట్ సగమే పడుతుంది. పీహెచ్ 0.3 దాకా దిగి 6.7 దగ్గర ఆగుతుంది, ±0.2 పరిమితి దాటుతుంది కాబట్టి మీటర్ పట్టేస్తుంది. అసలు నీళ్లు లేనిది తూచారనుకోండి, ఫాస్ఫేట్ పావు వంతు ఎక్కువ పడుతుంది, పీహెచ్ మాత్రం 0.1 పెరుగుతుందంతే. మీటర్ పాస్ చేసేస్తుంది. తూకం తప్పని చెప్పేది తూకం రికార్డు తప్ప ఇంకేదీ ఉండదు. ఎస్ఓపీలో (పని పద్ధతి రాసిన పత్రంలో) ‘డైసోడియం ఫాస్ఫేట్’ అని రాసి వదిలేయకుండా ఏ హైడ్రేటో (ఎన్ని నీళ్ల అణువులున్నదో) రాయించండి. వేరే హైడ్రేటు వస్తే ఎంత తూచాలో కూడా పక్కనే ఉండాలి. నీళ్లు లేనిదైతే 5.74 గ్రాములు, పన్నెండున్నదైతే దాదాపు 14.5.

ఇంకో పొరపాటు నాకు చాలాచోట్ల ఎదురైంది. పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌నీ ఈ పెప్టోన్ బఫర్‌నీ ఒకటే అనుకుని, ఏది దొరికితే అది వాడటం. ఫార్మకోపియా రెండిటినీ ఒప్పుకుంటుంది, నిజమే. కానీ 7.2 బఫర్ ఎలా తయారవుతుంది? లీటరుకి 34 గ్రాముల స్టాక్ చేసి, దాన్ని 800 రెట్లు పలచన చేస్తాం. చివరికి సీసాలో మిగిలే ఫాస్ఫేట్ లీటరుకి 0.3 మిల్లీమోల్. పెప్టోన్ బఫర్‌లో 67. రెండు వందల రెట్లకి పైగా తేడా. పేరుకే బఫర్ గానీ అది దాదాపు నీళ్లే. పీహెచ్ పరంగా ఏ గొడవా లేని శాంపిల్‌కి సరిపోతుంది. పుల్లటి శాంపిల్ పడితే ఒక్క క్షణం కూడా నిలబడదు. ఇక బఫరే లేని ఉత్త సెలైన్ సంగతైతే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా చాలు, దాని పీహెచ్ 6 కిందకి జారిపోతుంది.

ఆ మాటకొస్తే పెప్టోన్ బఫర్ కూడా అన్ని శాంపిళ్లకీ తట్టుకోలేదు. 10 గ్రాముల విటమిన్ సీ పొడిని 100 మిల్లీలీటర్ల బఫర్‌లో వేశామనుకుందాం. అందులో ఆమ్లం దాదాపు 57 మిల్లీమోల్స్. బఫర్‌లో మొత్తం ఫాస్ఫేట్ 6.7 మిల్లీమోల్స్. ఎనిమిది రెట్లకి పైగా ఉన్న ఆమ్లాన్ని ఆ కాస్త బఫర్ ఎలా ఆపుతుంది? సీసా మీద 7.0 అని లేబుల్ ఉంటుంది, లోపల కణాలు ఆమ్లంలో ఈదుతుంటాయి. యాంటాసిడ్లతో ఇదే తలకిందులు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పీహెచ్‌ని పైకి ఎక్కిస్తుంది. కాల్షియం ఉన్న మాత్రలైతే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లటి అవక్షేపం కడతాయి, శాంపిల్ వడకట్టే మెంబ్రేన్ ఫిల్టర్ మూసుకుపోతుంది. అవసరమైతే 6 నుంచి 8 మధ్యకి సరిచేయమని పద్ధతిలోనే ఉంది. కానీ శాంపిల్ కలిపాక పీహెచ్ ఎంతో రాసే గడి చాలా వర్క్‌షీట్లలో లేదు. గడి లేనప్పుడు ఎవరూ కొలవరు. ముందు ఆ గడి పెట్టించండి.

ఇక టైము. ఇది అచ్చంగా మీ చేతిలో ఉన్న విషయం. సూక్ష్మజీవులు బఫర్‌లో ఎంతసేపు ఉన్నాయన్నది అంకెని మార్చేస్తుంది. బలహీనమైనవి చనిపోతాయి. మరీ ఎక్కువసేపు గది వేడిలో ఉంచితే, పెప్టోన్ ఉంది కాబట్టి, కొన్ని పెరగడం కూడా మొదలెడతాయి. టెస్ట్ సస్పెన్షన్‌ని 2 గంటల్లోపు వాడాలి, 2-8 డిగ్రీల్లో పెడితే 24 గంటల్లోపు అని నియమం. ఆయింట్‌మెంట్ లాంటి వాటిని పాలీసార్బేట్ 80తో కలిపి, 40 డిగ్రీలు దాటకుండా, మరీ తప్పనిసరైతే 45 వరకు, వెచ్చబెట్టి కలిపేటప్పుడు వీలైనంత తక్కువసేపే ఉంచాలి. ఈ నియమాలు అందరికీ కంఠతా వచ్చు. బల్ల దగ్గర జరిగేది చూడండి. రిలీజ్‌కి డిస్పాచ్ వాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ఒక్క అనలిస్టు పొద్దున్నే ఇరవై శాంపిళ్లూ వరసగా కలిపి పెట్టుకుని, ఆ తర్వాత ఒక్కోటీ ప్లేట్లలో పోస్తూ వెళ్తారు. మొదటి శాంపిల్ పది నిమిషాలు బఫర్‌లో ఉంటే ఆఖరిది గంటన్నర ఉంటుంది. రెంటికీ రిపోర్టులో ఒకే లైను. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని చల్లగా ఉండగానే వాడేయడం కూడా ఈ తొందర తెచ్చిన అలవాటే. అంత చల్లదనం ఒక్కసారిగా తగిలితే, ముఖ్యంగా చురుగ్గా పెరుగుతున్న గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా కణాలు దెబ్బతింటాయి. శాంపిల్ కలిపిన టైము, ప్లేటు పోసిన టైము రెండూ రాయమనండి. ఒకసారికి ఎన్ని శాంపిళ్లు చేయొచ్చో ఆ టైముని బట్టి తేల్చండి. ఒత్తిడి తగ్గించమని అడగడం మాకు అలవాటు లేదు, అడిగితే పని రాదనుకుంటారేమో అని భయం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ గురించి ఒక్క మాట. 9 మిల్లీలీటర్ల డైల్యూషన్ ట్యూబులు స్టెరిలైజ్ అయ్యాక ఆవిరై 8.5కి దిగితే, మూడు డైల్యూషన్లు తిరిగేసరికి లెక్క 17 శాతం ఎక్కువ చూపిస్తుంది. స్టెరిలైజ్ అయ్యాక ఒకటి రెండు ట్యూబుల్లో కొలిచి చూస్తే చాలు, ఇది పెద్ద పనేం కాదు.

ప్రతి బఫర్ బ్యాచ్‌కీ పరీక్ష అంటే ఖర్చు, ఆలస్యం అంటారని తెలుసు. చేయాల్సింది ఇంతే. వందకి మించకుండా కణాలు బఫర్‌లో వేసి, వెంటనే ప్లేట్లలో ఒకసారి, మీ ల్యాబులో శాంపిల్ ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు బఫర్‌లో ఉంటుందో అంతసేపయ్యాక ఇంకోసారి పోయాలి. సస్పెన్షన్‌ని నేరుగా అగార్ మీద వేసిన ప్లేటు కూడా పక్కన ఉండాలి. మా సిరప్ గుట్టు బయటపెట్టింది ఆ మూడో ప్లేటే. రెండు బ్యాక్టీరియాలతో, రెండేసి ప్లేట్ల చొప్పున చేసినా పన్నెండు ప్లేట్లు దాటవు. సోమవారం చేసిన బఫర్ గురువారానికి వాడకానికి వస్తుంది, దానికి తగ్గట్టు మూడు నాలుగు రోజులు ముందుగా చేసి పెట్టుకోవాలి. ఆహారం, నీళ్లు పరీక్షించే ల్యాబులకి ఇది కొత్త కాదు. ఐఎస్ఓ 11133 ప్రమాణంలో డైల్యూయెంట్లకి సరిగ్గా ఇలాంటి పరీక్షే ఉంది: 20-25 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట ఉంచాక, మొదటి లెక్కకీ తర్వాతి లెక్కకీ తేడా 30 శాతానికి మించకూడదు. నీళ్ల శాంపిల్‌కి వాళ్లు తీసుకుంటున్న జాగ్రత్త, జబ్బుపడ్డ మనిషి నోట్లోకి వెళ్లే మందుకి మనం తీసుకోకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

2016లో అమెరికాలో మలబద్ధకానికి నోటితో ఇచ్చే డాక్యుసేట్ ద్రవంలో బర్ఖోల్డేరియా సెపేషియా అనే బ్యాక్టీరియా చేరి, చాలా రాష్ట్రాల ఆసుపత్రుల్లో రోగులకి ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. అప్పటికే ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నవాళ్లు వాళ్లలో ఎంతోమంది. ఆ తర్వాతే, 2019 డిసెంబరు నుంచి, అమెరికా ఫార్మకోపియాలో ఈ బ్యాక్టీరియా కోసం వేరే అధ్యాయం అమల్లోకి వచ్చింది. ఇది తిండి దాదాపు లేని నీళ్లలో కూడా బతుకుతుంది. మందు సీసాలోంచి మన బల్ల మీదికి వచ్చేసరికి ప్రిజర్వేటివ్ దెబ్బకి సగం చచ్చి ఉంటుంది. అలాంటి కణం కొత్త మీడియాలోకి చేరి కోలుకోవడానికి ముందు కాలు పెట్టేది మన బఫర్ సీసాలోనే. అక్కడే అది చనిపోతే ప్లేటు ఖాళీగా వస్తుంది. సీసాలో మిగిలిన మందులో దాని తోడువి మాత్రం బతికే ఉంటాయి, ఆ మందు వార్డులోకి వెళ్తుంది.

మీడియా ప్రిపరేషన్ రికార్డులో బఫర్ పేజీ ఒకసారి తెప్పించుకుని చూడండి. పీహెచ్ గడి ఉంటుంది, స్టెరిలిటీ గడి ఉంటుంది. వాటి కింద ‘రికవరీ, మొదట, గంట తర్వాత’ అని ఇంకో గడి వేయించండి. ఈసారి తయారయ్యే బ్యాచ్ నుంచే నింపమనండి. మొదట్లో కొన్ని బ్యాచ్‌లు ఫెయిల్ కావచ్చు. అప్పుడు దయచేసి పైపెట్ పట్టిన మనిషి దగ్గరికి వెళ్లకండి. సీసా ఎక్కడ కడిగారో అక్కడికి వెళ్లి, ఒక సీసా తీసి గట్టిగా ఊపి, మెడ దగ్గర నురుగు ఎంతసేపు నిలుస్తుందో మీరే చూడండి.

ఇట్లు,
మీ ల్యాబుల్లాంటి ఒక ల్యాబులో పనిచేసే
ఒక మైక్రోబయాలజిస్టు